సెజాన్ కొండ నీలంగా ఉంటే అది దుఃఖమేనా?

ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ చివరి రోజుల్లో వేసిన సాంత్ విక్త్వార్ కొండ బొమ్మ నిండా నీలమే కనిపిస్తోంది, ఆయన అంత బాధలో ఉన్నాడా అని మీరు అడిగారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. శ్రీకాళహస్తి కలంకారీ చూస్తూ పెరిగిన మాకు ప్రతి రంగుకూ ముందే కుదిరిన అర్థం ఉంటుంది: దేవుడు నీలం, స్త్రీలు పసుపు, రాక్షసులు ఎరుపో ఆకుపచ్చో. గుడ్డ మీద కథ చెప్పడానికి ఆ కట్టుబాటు కావాలి. సెజాన్ బొమ్మను ఆ కొలతతో చూస్తే దారి తప్పుతాం.

నాకు ఈ సంగతి నేర్పింది మా ఊరి కొండే. తిరుపతిలో మా మిద్దె ఎక్కితే శేషాచలం నిండుగా కనిపిస్తుంది. ఒక డిసెంబరు సాయంత్రం నీటిరంగులు పట్టుకుని కూర్చున్నాను. రాయి కదా అని గోధుమరంగు, చెట్లు కదా అని ఆకుపచ్చ పూశాను. కొండ కాస్తా అట్టముక్కలా ఎదురింటి గోడకు అతుక్కుపోయింది. తలెత్తి మళ్లీ చూస్తే, ఎండ తగిలిన రాతి చరియ కాల్చిన ఇటుకలా ఉంది, లోయల్లో నీడలు వంకాయ రంగులో ఉన్నాయి. నేను పూసిన గోధుమరంగు అక్కడ ఎక్కడా లేదు. మరో కాగితం తీసి, చరియకు ఇటుకరంగు పూసి ఆరనిచ్చాను. తర్వాత నీడల్లో నీలం, ఊదా పలుచగా వేశానో లేదో, కొండ ఎంతో దూరం వెనక్కి జరిగింది. చరియ మీది ఎరుపును మళ్లీ ముట్టుకోలేదు, అయినా అది వెలిగింది.

సెజాన్ 1904లో తోటి చిత్రకారుడు ఎమీల్ బెర్నార్‌కు రాసిన ఉత్తరంలో ఈ సంగతే ఉంది. ఎరుపు, పసుపులతో చూపే వెలుగులో, గాలి ఉందని తెలిసేంత నీలం కలపాలంటాడు. మీరు దుఃఖం అనుకున్న నీలం ఆయనకు గాలి. నిజానికి అది తెల్లని సున్నపురాయి కొండ. దక్షిణ ఫ్రాన్సులోని ఎక్స్ ఊరి పైన లే లోవ్ గుట్ట మీద 1902లో చిత్రశాల కట్టుకుని, 1906లో కన్నుమూసేదాకా ఆ చుట్టుపక్కల నుంచి దాన్నే మళ్లీ మళ్లీ వేశాడు.

నన్ను కదిలించేది ఆ బొమ్మ కింది భాగం. పొలాలూ ఇళ్లూ రంగు ముక్కలై కదిలిపోతుంటే, పైన కొండ ఒక్కటే రూపం చెదరకుండా నిలుస్తుంది. కొన్ని బొమ్మల్లో పొలాల ఆకుపచ్చ ఆకాశంలోకీ పాకింది. అరవై దాటిన మనిషి ఒక్క కొండను ఇంత ప్రేమగా, ఇంత పట్టుదలగా చూశాడే అని నాకు గొంతు పట్టేస్తుంది.

ఈసారి ఆ బొమ్మ తెరిచినప్పుడు నీలాన్ని వేలితో కప్పి, పక్కనున్న పసుపు ఏమవుతుందో చూడండి.