కౌన్సెలింగ్ సైకాలజీ: ఫీజు కట్టే ముందు అడగాల్సినవి

ప్రశ్న: అక్కా, మాది పర్లాకిమిడి. బరంపురంలో సైకాలజీ ఆనర్స్ చదివి, ఇప్పుడు ఎం.ఎ. చివరి ఏడాదిలో ఉన్నాను. కెనడా వెళ్ళి కౌన్సెలింగ్ సైకాలజీ చదవాలని ఉంది. కన్సల్టెన్సీ వాళ్ళు మూడు యూనివర్సిటీల పేర్లు చెప్పి, ఏదో ఒకదానికి వెంటనే ఫీజు కట్టమంటున్నారు. నాన్నగారికి లోన్ టెన్షన్. అమ్మేమో ‘పిచ్చోళ్ళ డాక్టరు చదువు మనకెందుకే’ అంటోంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: చెల్లీ, ఫీజు ఇప్పుడే కట్టొద్దు. నాదీ బరంపురమే. పెళ్ళయ్యాక కెనడాలోని ఒంటారియో ప్రావిన్సుకు (అంటే రాష్ట్రానికి) వచ్చి, ఇక్కడే చదువుకుని, ఇప్పుడు రిజిస్టర్డ్ సైకోథెరపిస్ట్‌గా, అంటే మాటలతో మనసుకు చికిత్స చేసే లైసెన్సుతో పనిచేస్తున్నాను. అందుకని ఒంటారియో గురించి గట్టిగా చెప్పగలను, మిగతావి పైపైనే చెబుతాను.

ఆ మూడు పేర్లూ పక్కన పెట్టి ముందు ఒక్క మాట అడుగు. ఈ కోర్సు పూర్తయితే నాకు ఏ లైసెన్సుకు అర్హత వస్తుంది? కెనడాలో ఈ వృత్తికి దేశమంతటికీ ఒకే చట్టం లేదు, ఏ ప్రావిన్సు పద్ధతి దానిదే. ఒంటారియోలో 2015 నుంచి కాలేజ్ ఆఫ్ రిజిస్టర్డ్ సైకోథెరపిస్ట్స్ అనే నియంత్రణ సంస్థ ఉంది. పేరు కాలేజీ అని ఉన్నా అక్కడ పాఠాలు చెప్పరు, లైసెన్సు ఇస్తారు. తాము గుర్తించిన కోర్సుల జాబితాను వాళ్ళ వెబ్‌సైట్‌లోనే పెట్టారు. నీకు చెప్పిన కోర్సు అందులో ఉందో లేదో నువ్వే చూసుకో. ‘సైకాలజీ’ అని పేరున్న ప్రతి మాస్టర్స్ డిగ్రీ కౌన్సెలర్‌ని చెయ్యదు. కొన్ని పూర్తిగా రీసెర్చ్ కోసమే నడుస్తాయి.

అమెరికాలో అయితే రాష్ట్రానికో లైసెన్సు. చాలా రాష్ట్రాలు 60 క్రెడిట్ల మాస్టర్స్, ఆ తరవాత సూపర్‌విజన్‌లో, అంటే అనుభవమున్న థెరపిస్టు పర్యవేక్షణలో పనిచేసిన గంటలు అడుగుతాయి. బ్రిటన్‌లో కౌన్సెలింగ్ సైకాలజిస్ట్ అనిపించుకోవాలంటే డాక్టరేట్ స్థాయి చదువు, అక్కడి నియంత్రణ సంస్థ హెచ్‌సీపీసీలో రిజిస్ట్రేషన్ ఉండాలి.

ఇక అసలు సంగతి, ప్లేస్‌మెంట్. మన దగ్గర ఆ మాటకు ఉద్యోగం అని అర్థం. ఇక్కడ అది చదువులో భాగం. నిజమైన మనుషుల ఎదురుగా కూర్చుని, సూపర్‌వైజర్ పర్యవేక్షణలో కౌన్సెలింగ్ చెయ్యాలి. ఒంటారియోలో పూర్తి రిజిస్ట్రేషన్‌కు పరీక్షతో పాటు 450 గంటల ప్రత్యక్ష కౌన్సెలింగ్, 100 గంటల సూపర్‌విజన్ చూపించాలి. కొన్ని గంటలు కోర్సులోనే అవుతాయి. మిగతావి చదువయ్యాక, క్వాలిఫైయింగ్ హోదాలో, అంటే పూర్తి రిజిస్ట్రేషన్‌కు ముందు ఇచ్చే హోదాలో పనిచేస్తూ పూర్తి చేసుకోవాలి. ప్లేస్‌మెంట్ చోటు యూనివర్సిటీయే చూపిస్తుందా, నువ్వే వెతుక్కోవాలా అన్నది తప్పకుండా కనుక్కో. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళకు సొంతంగా వెతుక్కోవడం చాలా కష్టం.

ఈ శిక్షణ మనవాళ్ళను గట్టిగానే కదిలిస్తుంది. క్లయింటు ఒప్పుకుంటే సెషన్ రికార్డు చేసి సూపర్‌వైజర్‌కు వినిపిస్తాం. ‘ఆవిడ ఏడుస్తుంటే ఎందుకు మాట మార్చావు? ఆ నిమిషం మౌనాన్ని ఎందుకు ఓర్చుకోలేకపోయావు?’ అని అడుగుతారు. మన ఇళ్ళలో ఎవరైనా బాధ చెప్పుకుంటే వెంటనే సలహా ఇస్తాం, లేదా ‘ఊరుకో, అన్నీ సర్దుకుంటాయి’ అంటాం. ప్రేమతోనే అంటాం. ఇక్కడ ముందు ఆ అలవాటు వదలాలి. నీ కోపాలు, నీ భయాలు, ఇంట్లో నువ్వు మోసిన బరువులు క్లయింటు మీద పడకుండా చూసుకోవడం కూడా నేర్పిస్తారు. అది లైసెన్సుకు కావలసిన అర్హతల్లోనే ఉంది. ఈ చదువులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది ఇదే.

నాన్నగారికి దాపరికం లేకుండా చెప్పాలి. ప్లేస్‌మెంట్‌కు చాలా చోట్ల జీతం ఉండదు, అది ఎక్కువగా పగటిపూటే ఉంటుంది. క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్ బయట వారానికి 24 గంటలే పని చెయ్యనిస్తారు, ప్లేస్‌మెంట్ ఉన్న ఏడాది అన్ని గంటలు కూడా కుదరవు. పార్ట్‌టైమ్ జీతంతో లోన్ వాయిదాలు కట్టేస్తాననే లెక్క వెయ్యొద్దు. చదువయ్యాక కూడా చాలా ప్రైవేటు క్లినిక్కులు నెలజీతం ఇవ్వవు, సెషన్‌కు ఇంత అని ఇస్తాయి. క్లయింట్లు కూడేదాకా ఓపిక పట్టాలి. ఒక వెసులుబాటు ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి, అర్హత ఉన్న మాస్టర్స్ కోర్సు రెండేళ్ళ కన్నా తక్కువైనా చదువయ్యాక ఉద్యోగం చేసుకోవడానికి మూడేళ్ళ వర్క్ పర్మిట్ ఇస్తున్నారు. కానీ కోర్సులో సగానికి మించి ఆన్‌లైన్ అయితే అది రాదు. కన్సల్టెన్సీ వాళ్ళు ఈ ముక్క చెప్పారా? వీసా నిబంధనలు తరచూ మారుతుంటాయి, దరఖాస్తు పెట్టే రోజున ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మళ్ళీ చూసుకో.

రాయగడ, జయపురం వైపు నుంచి కూడా పిల్లలు రాస్తుంటారు కాబట్టి ఇదీ చెబుతాను. మన దేశంలో సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపడాన్ని యూజీసీ 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి ఆపేయించింది. అలాంటి సీటు ఇస్తామని ఎవరైనా అంటే నమ్మొద్దు.

దరఖాస్తు వ్యాసాన్ని ‘చిన్నప్పటి నుంచీ సాయం చెయ్యడం ఇష్టం’ అని మొదలుపెట్టకు. నువ్వు గజపతి జిల్లా పిల్లవి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు నీకు ఊహ తెలిసిన వయసే. ఆ తరవాత మీ వీధిలో ఎవరికి నిద్ర పట్టలేదో, గాలి వీస్తే ఎవరు ఉలిక్కిపడేవారో నీకు తెలుసు. గంజాం నుంచి సూరత్ మగ్గాలకు వెళ్ళినవాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఒంటరిగా ఎలా నెట్టుకొస్తారో చూశావు. పేర్లు బయటపెట్టకుండా అది రాయి. నీకు తెలుగు, ఒడియా, హిందీ మూడూ వచ్చని కూడా రాయి. ఇక్కడ క్లినిక్కులు థెరపిస్టులకు ఏ భాషలు వచ్చో వెబ్‌సైట్‌లో పెడతాయి, అది చూసే వచ్చేవాళ్ళున్నారు. మన పెద్దవాళ్ళు నిద్ర లేదని, కడుపులో మంట అని మొదలుపెడతారు. కొడుకు మాట్లాడటం లేదన్న సంగతి చివర్లో ఎప్పుడో, సొంత భాషలోనే బయటికొస్తుంది. కానీ నోట్సు, సూపర్‌విజన్ అన్నీ ఇంగ్లీషులోనే. మనసులో మాట ఇంగ్లీషులో చెప్పడం ఇప్పటినుంచే సాధన చెయ్యి.

అమ్మను తప్పుపట్టకు. ఆవిడ తరంలో మనసు వైద్యం అంటే ఆసుపత్రిలో చేర్చడమే తెలుసు. మందులు రాసేది సైకియాట్రిస్టని, మా పని మాటలతో అని చెప్పు. 2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వమే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ నడుపుతోంది. 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు, ఫోన్ ఎత్తేది కౌన్సెలరే. ఆవిడకు ఆ సంగతి తెలిస్తే కొంత బెరుకు పోతుంది.

తిరిగి వచ్చి మన దగ్గరే పనిచేసే ఆలోచన ఉంటే ఇంకొకటి. క్లినికల్ సైకాలజిస్ట్ అనిపించుకోవడానికి ఇండియాలో ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ కావాలి. ఇక్కడి కౌన్సెలింగ్ మాస్టర్స్ ఉన్నంత మాత్రాన అది రాదు.

ఈ వారమే ఆ మూడు యూనివర్సిటీల డిపార్ట్‌మెంట్లకు నువ్వే మెయిల్ పెట్టు. లైసెన్సు, ప్లేస్‌మెంట్, ఆన్‌లైన్ శాతం, ఈ మూడూ అడుగు. జవాబులు వచ్చాక నాకు పంపు, నాన్నగారినీ కూర్చోబెట్టుకుని చూద్దాం.