అభిప్రాయ సేకరణకు వెళ్లేముందు మేనకోడలికి

బరంపురం

చిరంజీవి రాజేశ్వరికి,

మామయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. బాహుదా నది సముద్రంలో కలిసే ముఖద్వారం దగ్గర పెద్ద ఓడరేవు ప్రతిపాదన పేపర్లకెక్కినప్పటి నుంచి మన జాలరి పేట రెండు పక్షాలుగా చీలిందని, వార్డు మెంబరువి కాబట్టి ఏ పక్షమో తేల్చమని ఇరువైపుల వాళ్లూ నిలదీస్తున్నారని రాశావు. ఉద్యోగమంతా విశాఖలో ఓడల ఏజెంటు ఆఫీసులో గడిపాను కనుక రేవు వస్తే మంచిదా చెడ్డదా అని నన్ను అడిగావు. ఆ ప్రశ్న పక్కన పెట్టు. రేవు కట్టాలా వద్దా అన్నది మన గ్రామసభలో తేలే సంగతి కాదు. కట్టేటట్టయితే మనకు దక్కవలసినవేమిటి, వాటిని ఏ కాగితంలోకి ఎక్కించాలి అన్నది మాత్రం నీ చేతిలో ఉంది.

ప్రభుత్వానికి ఈ పట్టుదల ఎందుకో ముందు తెలుసుకో. తూకం లెక్కన చూస్తే మన దేశపు విదేశీ వాణిజ్యంలో 95 శాతం దాకా సముద్రం మీదే సాగుతుంది. రేవులో ఓడ ఒక రోజు అదనంగా ఆగితే ఆ ఖర్చు చివరికి ఎరువు బస్తా మీదో వంటనూనె డబ్బా మీదో పడుతుంది. అందుకే 2003 ఆగస్టు 15న వాజ్‌పేయి సాగరమాల అన్న మాట ఎత్తారు, 2015లో కేంద్ర మంత్రివర్గం దాన్ని పథకంగా ఆమోదించింది. రేవులను ఆధునికం చేయడం, రోడ్లూ రైళ్లూ కలపడం, రేవు చుట్టూ పరిశ్రమలు పెట్టించడం, తీరం వెంట సరుకు ఓడలు నడపడం అందులో భాగాలు. తీరంలో బతికే జనం అభివృద్ధి కూడా అందులో ఒక భాగమే. ఈ చివరిదాన్ని గుర్తుపెట్టుకో. అధికారులు సాగరమాల గురించి గంటసేపు మాట్లాడి ఈ ముక్క దగ్గరకు వచ్చేసరికి గడియారం చూసుకుంటారు.

ఇక చట్టాలు. రాజ్యాంగం ప్రకారం మేజర్ పోర్టులు కేంద్రానివి, తక్కినవి ఉమ్మడి జాబితాలో ఉన్నా ఆచరణలో రాష్ట్రాలవి. పారాదీప్, విశాఖ కేంద్రం చేతిలో ఉన్నాయి, గోపాలపూర్ రాష్ట్రం కింద ఉంది. 1963 నాటి పోర్టు ట్రస్టుల చట్టం స్థానంలో 2021లో మేజర్ పోర్టు అథారిటీల చట్టం వచ్చింది, 1908 నాటి ఓడరేవుల చట్టం స్థానంలో 2025లో కొత్తది వచ్చింది. 2021 చట్టం కింద ఏర్పడే బోర్డులో రైల్వేకు, కస్టమ్స్‌కు, రక్షణ శాఖకు, రాష్ట్ర ప్రభుత్వానికి, ఉద్యోగులకు ప్రతినిధులున్నారు. చేపలు పట్టేవాడికి కుర్చీ వేయలేదు. కాబట్టి కొత్త రేవు కేంద్రం కిందికి వస్తుందా, ఒడిశా మారిటైమ్ బోర్డు కిందికి వస్తుందా అన్నది మొదటే అడిగి తెలుసుకో. అర్జీ ఎవరి బల్ల మీద పెట్టాలో అప్పుడే తెలుస్తుంది.

ఇప్పటి రేవుల పద్ధతిలో నేలా నీరూ ప్రభుత్వం పేరనే ఉంటాయి. ఓడలు ఆగే బెర్తులు కట్టి సరుకు ఎత్తి దించే పని ప్రైవేటు కంపెనీకి ముప్పై ఏళ్లకో ఇంకా ఎక్కువకో ఇస్తారు, కంపెనీ రాబడిలో వాటా కడుతుంది. మనకు చిక్కు ఇక్కడే వస్తుంది. సభలో మైకు ముందు నిలబడి మాట ఇచ్చే మనిషి పదేళ్ల తర్వాత ఆ కంపెనీలో ఉండడు, ఆ కంపెనీ ఆ రేవులో ఉండకపోవచ్చు. గోపాలపూర్‌నే చూడు. 2006లో ఒప్పందం కుదిరింది, 2017లో షాపూర్‌జీ పల్లోంజీ చేతికి వెళ్లింది, 2024లో అదానీ సంస్థ కొనుక్కుంది. ఇందులో తప్పు పట్టవలసిందేమీ లేదు, వ్యాపారంలో ఇది మామూలే. కానీ పాత యజమాని నోటిమాటను కొత్త యజమాని మోయనక్కర్లేదు. పర్యావరణ అనుమతిలో రాసిన షరతు అలా కాదు. అనుమతి మరొకరి పేరుకు బదిలీ అయితే షరతులన్నీ దాంతోపాటే వెళతాయి. నీకు కావలసినవన్నీ ఆ షరతుల్లోకి చేర్చడమే నీ పని.

ఆ దారి ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మొదలవుతుంది. ఏడాదికి 50 లక్షల టన్నులు, ఆ పైన సరుకు దించే రేవుకు 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ఢిల్లీలో కేంద్ర పర్యావరణ శాఖ దగ్గరే అనుమతి తీసుకోవాలి, అంతకుముందు స్థానికుల మాట వినాలి. సభను రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి జరిపిస్తుంది, కలెక్టరో ఆయన తరఫు అధికారో అధ్యక్షత వహిస్తారు. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. ప్రాజెక్టు నివేదిక ముసాయిదా కలెక్టరు ఆఫీసులో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఎవరైనా చూసుకునేలా పెట్టాలి. సంగ్రహం ఒడియాలో ఉంటుంది. పేటలో పెద్దవాళ్లకు ఒడియా మాట్లాడటం వచ్చినా చదవడం రాదు, పిల్లలు బడిలో ఒడియా చదువుతారు కాని డ్రెడ్జింగ్ (ఓడల కోసం సముద్రపు అడుగు తవ్వడం) అంటే ఏమిటో వాళ్లకు తెలియదు. కాలేజీకి వెళ్లే పిల్లల్ని నలుగురిని కూర్చోబెట్టి సంగ్రహాన్ని తెలుగులో చదివించు. గుడి ముందు వారంపాటు సాయంత్రాలు చాలు. సభలో తెలుగులో మాట్లాడతామని, దాన్ని అలాగే నమోదు చేయాలని ముందే కాగితం రాసి ఇవ్వు.

సభ రోజు భోజనాలు, బస్సులు, టోపీలు అన్నీ ఉంటాయి. తినవద్దని నేను చెప్పను. కాని సభ ముగిసేదాకా మనవాళ్లెవరూ లేవకూడదు. చివర్లో అధికారి సభ సారాంశాన్ని స్థానిక భాషలో అందరికీ చదివి వినిపించాలి, ఆ తర్వాతే మినిట్స్ మీద, అంటే సభలో జరిగినదాని నమోదు మీద, సంతకం చేయాలి. సరిగ్గా ఆ సమయానికే జనం బస్సెక్కేస్తారు. నువ్వు చెప్పింది అందులో లేకపోతే అప్పటికప్పుడు లేచి చదివి రాయించు. నోటితో చెప్పినదాన్నే రాతలో కూడా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకో. మినిట్స్ ప్రతిని పంచాయతీ ఆఫీసులో కూడా పెట్టాలి, అక్కడ లేకపోతే అడుగు. మనం ఎత్తిన ప్రతి విషయానికీ ఏం చేస్తారో, దానికి ఎంత డబ్బు కేటాయిస్తారో తుది నివేదికలో కంపెనీ రాయాలి. ఢిల్లీ కమిటీ చూసేది ఆ కాగితాన్నే. సభలో వంద మంది కేకలు వేసినా "కొందరు వ్యతిరేకించారు" అన్న ఒక్క ముక్కగా మిగులుతుంది. మొత్తాలతో, స్థలాలతో రాసి ఇచ్చిన అర్జీని అలా కుదించడం అంత తేలిక కాదు.

ఏం రాయించాలంటే, అన్నిటికంటే ముందు ఇసుక. మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతూ ఉంటుంది. రేవు కోసం సముద్రంలోకి రాతికట్ట వేస్తే దానికి దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన కోత పడుతుంది. మద్రాసు రేవు కట్టాక దక్షిణాన మెరీనా వెడల్పయింది, ఉత్తరాన రాయపురం తీరం కోతకు గురైంది. పారాదీప్‌లో రేవుకు ఉత్తరాన రాతిగోడ కట్టవలసి వచ్చింది. విశాఖలో తవ్వి తీసిన ఇసుకను బీచ్ మీదికి పంపుతుంటారు. మన గంజాం జిల్లాలోనే సముద్రం కోతకు ఇళ్లు వదిలిన పొడంపేట సంగతి నీకు చెప్పనక్కర్లేదు. కాబట్టి కట్ట ఎక్కడ వస్తుంది, దానికి ఉత్తరాన ఏ ఏ పేటలున్నాయి, తవ్విన ఇసుకను ఎక్కడ పోస్తారు, దాన్ని ఉత్తరానికి చేరవేసే ఖర్చు ఏటా ఎవరి పద్దులో ఉంటుంది అని అడుగు. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం వంటి సంస్థ పని మొదలుకాకముందే తీరరేఖ కొలవాలని, ఆపైన ప్రతి ఏటా కొలిచి పంచాయతీకి ఇవ్వాలని రాయించు. దానికోసం కూర్చోకుండా నువ్వే ఈ నెలలో గంగమ్మ గుడి గోడ నుంచి పోటు గీత దాకా టేపుతో కొలిపించి, ఫోటో తీయించి, సర్పంచ్ సంతకంతో పంచాయతీ రికార్డులో పెట్టించు. వానాకాలం వెళ్లాక మళ్లీ కొలిపించు. మన దగ్గర పాత కొలత లేకపోతే రేపు కోత పడినప్పుడు "ఇది ఎప్పుడూ ఉన్నదే" అంటారు.

రెండోది, ఎవరి బతుకు పోతుందో కాగితం మీద చూపించడం. పట్టా భూమి ఉన్నవాడికి పరిహారం ఎలాగో దొరుకుతుంది. వల లాగే ఒడ్డుకు, చేపలు ఆరబెట్టే ఇసుకకు పట్టా ఎక్కడుంది? అయినా 2013 భూసేకరణ చట్టంలో దారి ఉంది. భూమి తీసుకోవడానికి ముందు మూడేళ్లుగా నీటి వనరుల మీద ప్రధానంగా బతుకుతున్న కుటుంబాలను, మత్స్యకారులనూ పడవవాళ్లనూ పేరు పెట్టి మరీ, బాధిత కుటుంబాలుగా ఆ చట్టం లెక్కించింది. అంటే మూడేళ్ల రుజువు కావాలి. బోటు రిజిస్ట్రేషన్, బయోమెట్రిక్ కార్డు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధ కాలంలో సాయం అందిన జాబితా, ఐసు బిల్లులు, సొసైటీ పుస్తకం, ఏది దొరికితే అది పోగు చేయించు. 2013 ఫైలిన్ తుఫానులోనూ 2018 తిత్లీ తుఫానులోనూ కాగితాలు పోగొట్టుకున్న ఇళ్లున్నాయి. వాళ్లకు నకళ్లు తెప్పించడం ఇప్పుడే మొదలుపెట్టు, నోటీసు వచ్చాక సమయం చాలదు.

ఇందులోనే నీ మీద ఎక్కువ నమ్మకం పెట్టుకున్న పని ఒకటుంది. చేప ఎండబెట్టేది, ఉప్పు పట్టేది, తలమీద గంప పెట్టుకుని ఇచ్ఛాపురం సంతకు వెళ్లేది ఆడవాళ్లు. వాళ్ల పేరు ఏ బోటు కాగితంలోనూ ఉండదు. మగవాళ్లు తయారుచేసిన జాబితాలో "పడవ యజమాని, కూలీలు" అని రెండు గడులుంటాయి, అక్కడితో సరి. ఎండు చేపల పనివాళ్లకు వేరే గడి పెట్టి, ఇంటింటికీ తిరిగి, ఎవరు ఎక్కడ ఆరబెడతారో, ఎక్కడ అమ్ముతారో రాయి. విధవలవి, ఒంటరి స్త్రీలవి మొదట రాయి. సామాజిక ప్రభావ అంచనాకు వచ్చే బృందం చేతిలో ఈ జాబితా పెట్టు. మగవాళ్లు సణుగుతారు, సణగనీ.

మూడోది పడవల దారి. ఓడలు రేవులోకి వచ్చే చానెల్‌కు అడ్డంగా పడవలు పోనివ్వరు. చుట్టూ తిరిగి వెళ్లాలంటే డీజిలు ఎక్కువ కాలుతుంది. కేరళలోని విళింజంలో కట్ట చుట్టూ తిరిగే పడవలకు అదనపు కిరోసిను ఖర్చు ఇచ్చారు. మనమూ అదనపు దూరాన్ని లెక్కగట్టి అడగవచ్చు. రాతికట్ట వల్ల ముఖద్వారం పూడకుండా ఉండే అవకాశం కూడా ఉంది, పూడితే మనవాళ్లు ఎన్నాళ్లు ఒడ్డున కూర్చుంటారో తెలిసిందే. అందుకే పడవలకు వేరే జెట్టీ, ఐసు ప్లాంటు, వేలం షెడ్డు అడుగు. 2021 బడ్జెట్‌లో విశాఖ, పారాదీప్ సహా ఐదు ఫిషింగ్ హార్బర్లను అభివృద్ధి చేస్తామన్నారు. పెద్ద రేవు పక్కన చేపల రేవు ఉండటం కొత్త కోరిక కాదు.

ఉద్యోగాల మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దని కుర్రాళ్లకు చెప్పు. ఒకప్పుడు గ్యాంగులు బస్తాలు మోసిన చోట ఇప్పుడు క్రేన్లు, కన్వేయర్లు ఉన్నాయి. "స్థానికులకు ప్రాధాన్యం" అన్న మాటకు విలువ లేదు. ఎన్ని కొలువులు, ఏ పనికి, ఎన్నేళ్లు అని అంకెలు రాయించు. క్రేన్ నడపడం, వెల్డింగ్ నేర్పే శిక్షణ, రేవు కట్టడం మొదలైన రోజే మొదలవ్వాలి, రేవు తెరిచాక కాదు.

అనుమతి వచ్చాక కూడా పని ఉంటుంది. షరతులు ఎలా అమలు చేస్తున్నారో కంపెనీ ప్రతి ఏటా జూన్ 1కి, డిసెంబరు 1కి నివేదిక ఇవ్వాలి. ఆ తేదీలను పంచాయతీ క్యాలెండరులో రాసిపెట్టు. అనుమతి మీదే అభ్యంతరం ఉంటే 30 రోజుల్లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. మనకు కోల్‌కతా బెంచి. తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇస్తారు, ఆపైన తలుపు మూసుకుంటుంది.

నోటీసు పేపర్లో పడిన రోజే నాకు ఫోను చెయ్యి. ముసాయిదా నకలు కోసం ఛత్రపురం కలెక్టరు ఆఫీసుకు నేనూ వస్తాను. వచ్చేటప్పుడు ఆడవాళ్ల జాబితా రెండు ప్రతులు తీసుకురా.

ఆశీస్సులతో,
మీ మామయ్య