సగం సీ టైమ్‌తో ఒడ్డున కూర్చోకు అల్లుడూ

అల్లుడూ,

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్‌లన్నీ విన్నా. ఇంక ఓడ ఎక్కను, మీ నాన్న జేసీబీ కొనిస్తానంటున్నాడు, ట్రిపుల్ ఆర్ (రీజినల్ రింగ్ రోడ్) పనులు మొదలైతే చౌటుప్పల్ దిక్కు చేతినిండా పని ఉంటుంది, ఇదీ నీ లెక్క. మీ అమ్మేమో రోజు విడిచి రోజు ఫోన్ చేసి "అన్నా, వాడికి నువ్వే ఏదో ఒకటి చెప్పు" అంటది, ఆ ఏదో ఒకటి ఏందో మాత్రం చెప్పదు. నేను ఫోన్లో చెబితే "ఆఁ మామా, సరే మామా" అని పెట్టేస్తావు. అందుకే ఇట్ల రాస్తున్నా, తీరిగ్గా చదువుకో.

మానేస్తానంటే నాకేం కోపం లేదు. సముద్రం అందరికీ పడదు, పడాలని రూలేం లేదు. కానీ ఇప్పుడు మానకు, సెకండ్ మేట్ టికెట్, అంటే ఓడ ఆఫీసర్ లైసెన్స్, చేతికొచ్చినంక మానెయ్. నీలాగ డీఎన్ఎస్ (నాటికల్ డిప్లొమా) చేసినోడు ఆ పరీక్షకు కూర్చోవాలంటే 18 నెలల సీ టైమ్, అంటే ఓడమీద పనిచేసిన కాలం, ఉండాలి, నీకు తొమ్మిది అయినయ్. ఈ తొమ్మిది నెలలు పట్టుకొని నల్లగొండలో కాదు కదా ముంబైలో ఏ ఆఫీసుకు పోయినా ఎవడూ పట్టించుకోడు, అది అనుభవం కిందికి రాదు. ఇంకో తొమ్మిది చేసి టికెట్ పాసైతే మాత్రం నువ్వు ఆఫీసర్‌వి, మన దేశం టికెట్‌ను బయటి దేశాల జెండా ఓడలు కూడా ఒప్పుకుంటాయి. కోర్సుకు మీ నాన్న కట్టిన లక్షలు, నువ్వు తిన్న తిట్లు అన్నీ ఆ ఒక్క కాగితంలోనే తిరిగొచ్చేది. సగం తవ్విన బోరును వదిలి పక్కన ఇంకోటి వేసేవాళ్లను మనూళ్లో చాలామందినే చూసినవ్ గదా.

ఇప్పుడు నీ కష్టం సంగతి. నువ్వు చెప్పినదాంట్లో సగం హోల్డ్ క్లీనింగే, అంటే సరుకు నింపే గది కడగడమే. బొగ్గు దించిన హోల్డ్‌ను ధాన్యానికి తయారు చేయడం ఎంత యాష్టో నాకు తెలుసు, ముక్కులోంచి రెండ్రోజులు నల్లటి నీళ్లే వస్తాయి. అయినా అది నీ మీద కక్షతో ఇచ్చిన పని కాదురా. లోడింగ్ పోర్టులో సర్వేయర్ టార్చి పట్టుకొని దిగుతాడు, గోడకు అరచెయ్యి రాసి చూసుకుంటాడు, ఫ్రేముల వెనక, నిచ్చెన మెట్ల కింద లైటేసి చూస్తాడు. ఒక మూలన పాత సరుకు కనబడ్డా, తుప్పు పెచ్చులు ఊడుతున్నా హోల్డ్ ఫెయిల్, ఓడ ఆఫ్ హైర్, ఆ రోజు కిరాయి ఓనర్ నెత్తిన. రేపు నువ్వు చీఫ్ ఆఫీసర్ అయితే "హోల్డ్స్ రెడీ" అని సంతకం పెట్టేది నువ్వే, ఆ మూలలు ఎక్కడుంటాయో చీపురు పట్టినోడికే తెలుస్తుంది. బిల్జ్ వెల్, అంటే హోల్డ్ అడుగున నీళ్లు చేరే గుంట, దాని మూత మీద గోనెగుడ్డ ఎందుకు చుడతారో ఎవరన్నా చెప్పారా నీకు? గింజలు లోపల పడి పంపు జామ్ కాకుండా, నీళ్లు మాత్రం దిగేటట్టు. అదంతా టార్ బుక్‌లో (నీ ట్రైనింగ్ రికార్డు పుస్తకంలో) రాసుకున్నావా, సంతకం తీసుకున్నావా? నాకు తెలిసి తీసుకొని ఉండవు. మన మిర్యాలగూడ మిల్లుల బియ్యం కూడా కాకినాడ యాంకరేజ్‌లో బార్జీల మీద నుంచి ఇట్లాంటి హోల్డుల్లోకే పోతాయి, తినేటోడికి బొగ్గు వాసన రావద్దు గదా.

ఆ చీఫ్ ఆఫీసర్ లొల్లి వేరే సంగతి. అరవడం, పని ఆలస్యమైతే కసురుకోవడం, నీ చార్ట్ కరెక్షన్ చూసి "ఏం చదువుకున్నవ్‌రా" అనడం, ఇవి ప్రతి ఓడలో ఉంటాయి, ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలెయ్. చెయ్యి చేసుకోవడం, అమ్మను తిట్టడం, తిండి ఆపడం, నిద్ర లేకుండా పని చేయించడం మాత్రం భరించాల్సినవి కావు. ఎంఎల్‌సీ (ఓడ పనివాళ్ల హక్కుల అంతర్జాతీయ ఒప్పందం) ప్రకారం 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు రెస్ట్ ఉండాలి, నీలాంటి క్యాడెట్ (ట్రైనీ) అయినా అంతే. రెస్ట్ అవర్స్ షీట్ మీద చేయని రెస్ట్‌కు సంతకం పెట్టమంటే వెంటనే ఎదురు తిరిగి గొడవ పెట్టుకోకు, నీ సొంత డైరీలో తేదీ, టైమ్, పని పేరు రాసుకుంటూ రా. అవసరమైతే కెప్టెన్‌కు చెప్పు, ఆయనా వినకపోతే డీపీఏ ఉన్నాడు. కంపెనీ ఆఫీసులో ఓడ భద్రత చూసే ఆ మనిషి పేరు, ఫోన్ నంబర్ అకామడేషన్‌లో అందరికీ కనబడేచోట అతికించి ఉంటాయి, నువ్వు రోజూ దాని ముందు నుంచే మెస్‌కు పోయి ఉంటావు. అయితే చిన్నచిన్న వాటికి కూడా డీపీఏకు ఫోన్ చేసేవాడని పేరొస్తే అదీ మంచిది కాదు, ఏది ఏందో చూసుకో.

ఇక అసలు విషయం. ఓడమీద అందరూ ఒకేరకంగా కష్టపడతారు, తేడా వచ్చేదంతా సెలవులోనే. నాతోటి క్యాడెట్లలో కొందరు నాకంటే తెలివైనోళ్లు, ఓడ దిగంగానే పెళ్లిళ్లు, దావత్‌లు, కొత్త బండి, పాత దోస్తులు, అట్ల ఆగమాగమై టికెట్ పరీక్ష ఏడాదికేడాది వాయిదా వేసుకున్నారు. సెలవులో జీతం రాదు, నీ స్టైపెండ్ ఎంతో నీకే తెలుసు, అది కరిగిపోయాక ఇంట్లో అడగాలంటే ఇజ్జత్. నువ్వు దిగి ఎన్ని రోజులైంది? టార్ బుక్ బ్యాగులోంచి తీసినవా?

ముందు కాగితాలు సరిచూసుకో. సీడీసీలో (సీమన్ సర్వీస్ పుస్తకంలో) సైన్ ఆన్, సైన్ ఆఫ్ తేదీలు, అంటే ఓడ ఎక్కిన, దిగిన తేదీలు, కెప్టెన్ ఇచ్చిన సీ సర్వీస్ లెటర్‌లో తేదీలు ఒక్కరోజు కూడా తేడా ఉండొద్దు. ఓడ పేరు, ఐఎంఓ నంబర్ (ఓడ గుర్తింపు నంబర్), టన్నేజ్ స్పెల్లింగ్‌తో సహా చూడు. తేడా ఉంటే ఇప్పుడే కంపెనీకి మెయిల్ పెట్టు, ఆ కెప్టెన్ ఇంకా ఆ కంపెనీలో ఉన్నప్పుడే సరిచేయించుకోవాలి, రెండేళ్ల తర్వాత పరీక్షలు పెట్టే ఎంఎండీ ఆఫీసు కౌంటర్ దగ్గర పట్టుకుంటే ఎవరి కాళ్లు మొక్కుతావు? టార్ బుక్‌లో సంతకాలు లేని పనులు ఏవేవో పెన్సిల్‌తో లిస్టు రాసుకో, రెండో ఓడలో మొదటి నెలనుంచే అవి అడిగి చేయించుకో, దిగే వారంలో అడిగితే ఎవరికీ తీరిక ఉండదు. అన్నీ స్కాన్ చేసి మెయిల్‌లో పెట్టుకో, మీ అమ్మ ఫోన్లో కూడా ఒక కాపీ ఉంచు.

తర్వాత ఆర్ఓఆర్, ఓడలు ఒకదానికొకటి గుద్దుకోకుండా ఉండే రూల్స్. ఓరల్స్‌లో (నోటి పరీక్షలో) పరీక్ష తీసుకునే సర్వేయర్ బల్లమీద రెండు చిన్న ఓడ బొమ్మలు పెట్టి "ఇది నువ్వు, కుడివైపు ముందర ఎర్రలైటు కనిపిస్తుంది, ఏం చేస్తావ్" అంటాడు. రూల్ 15, కుడివైపు నుంచి అడ్డంగా వచ్చేవాడికి నేనే దారివ్వాలి, కుడికి తిప్పి వాడి వెనకనుంచి పోతా, ఇంతవరకు అందరూ చెబుతారు. వెంటనే బొమ్మలు కదపకుండానే "ఇప్పుడు పొగమంచు, వాడు రాడార్ మీద మాత్రమే ఉన్నాడు" అంటాడు. అప్పుడు కూడా రూల్ 15 అన్నవాడు మళ్లీ వచ్చే నెల పరీక్షకు రావాల్సిందే. కంటికి కనబడని చోట దారిచ్చేవాడు, నిలబడేవాడు అని ఉండరు, రూల్ 19 వస్తుంది, ముందువైపు ఉన్నవాడి కోసం, నువ్వు ఓవర్‌టేక్ చేస్తున్నవాడైతే తప్ప, వీలైనంతవరకు ఎడమకు తిప్పకూడదు. దీన్ని బట్టీ పట్టినా లాభం లేదు, నీకు బ్రిడ్జ్ (ఓడ నడిపే గది) మీద వాచ్ డ్యూటీ దొరికినప్పుడల్లా కనిపించే ప్రతి లైటుకూ మనసులో రూల్ చెప్పుకో. సెకండ్ ఆఫీసర్‌తో 12–4 వాచ్ అడుక్కో. నిద్ర పాడవుతుంది నిజమే, కానీ అర్ధరాత్రి వాచ్‌లో ఆయన కబుర్లు చెబుతూ నేర్పినంత పగలు ఎవరూ నేర్పరు.

కంపెనీవాళ్లు రెండో ఓడ ఇవ్వడానికి నెలలు నెలలు తిప్పుతారు, దానికి పరేషాన్ కాకు. వారానికొక మెయిల్ మర్యాదగా పెట్టు, "ఫలానా తేదీ నుంచి రెడీగా ఉన్నా, మెడికల్ ఫలానా తేదీ వరకు ఉంది" అని, అంతే. పాస్‌పోర్ట్ గడువు దగ్గరికొస్తే ఇప్పుడే రెన్యువల్ చేయించు. లేటవుతుందని ఆత్రంతో ఏజెంట్ల దగ్గరికి మాత్రం పోకు. దేవరకొండ దిక్కు ఒక పిల్లగాడు నాలుగు లక్షలు ఇచ్చి ఓడెక్కి, జీతం లేక, దిగనివ్వక, తాగే నీళ్లు కూడా లెక్కపెట్టుకునే ఓడలో ఇరుక్కున్నాడు, వాళ్ల నాన్న నా దగ్గరికొచ్చి ఏడ్చిండు. ఓడ ఉద్యోగాలు ఇప్పించే ఏజెన్సీకి ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్స్ ఉందా లేదా అనేది డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. లైసెన్స్ ఉన్నవాడు కూడా ఉద్యోగం ఇప్పించినందుకు నీ దగ్గర పైసా తీసుకోకూడదు. పాస్‌పోర్ట్, సీడీసీ, మెడికల్ ఖర్చులు తప్ప మిగతావి సీమన్ మీద వేయొద్దని ఎంఎల్‌సీలోనే ఉంది. "సర్వీస్ చార్జ్", "డాక్యుమెంటేషన్" అని ఏ పేరు పెట్టినా అది లంచమే.

టికెట్ వచ్చాక ఏంది అంటావు. అప్పుడు నీకు నిజంగా నాలుగు దారులుంటాయి. అదే కంపెనీలో థర్డ్ ఆఫీసర్‌గా ప్రమోషన్ దొరికితే కళ్లు మూసుకొని పట్టుకో, ఎందుకంటే కొత్త టికెట్‌కు బయట థర్డ్ ఆఫీసర్ పని దొరకడమే కష్టం, నిన్ను క్యాడెట్‌గా చూసినోళ్లే నమ్ముతారు. ట్యాంకర్లకు పోతే జీతం ఎక్కువ, ఎండార్స్‌మెంట్లు (అదనపు సర్టిఫికెట్లు) చేసుకోవాలి, తనిఖీలు మస్తు ఉంటాయి, బద్ధకస్తుడికి పనికిరాదు. నీకు ఇల్లే గుర్తొస్తుందంటే ఆఫ్‌షోర్ ఓడలున్నాయి, కాకినాడ ముందర కేజీ బేసిన్‌లోనే చూస్తావు, అక్కడ డ్యూటీలు చిన్నవి, డీపీ సర్టిఫికెట్ (ఓడను కంప్యూటర్‌తో ఒకేచోట నిలబెట్టే పని) చేసుకుంటే మంచి గిరాకీ. డ్రెడ్జర్లూ (నీటి అడుగు మట్టి తవ్వే ఓడలు) ఉన్నాయి. థర్డ్, సెకండ్ ఆఫీసర్‌గా ఏడాదిన్నర వాచ్ కీపింగ్ చేసినంక చీఫ్ మేట్ పరీక్ష, ఆ తర్వాత మాస్టర్స్, అంటే కెప్టెన్ పరీక్ష. పోర్టుల్లో, సర్వే కంపెనీల్లో, షిప్ మేనేజ్‌మెంట్ ఆఫీసుల్లో ఒడ్డు ఉద్యోగాలకు మనిషిని లెక్కలోకి తీసుకునేది ఆ రెండు టికెట్ల నుంచే. మధ్యలో రెండేళ్లు ఒడ్డున వ్యవసాయమో వ్యాపారమో చూసుకుంటానన్నా టికెట్ ఎక్కడికీ పోదు, ఐదేళ్లలో 12 నెలల సీ సర్వీస్ ఉంటే రెన్యువల్ అవుతుంది. జేసీబీ అప్పుడు కొనుక్కో, ఈఎంఐ లేకుండా కొనుక్కో.

పైసల మాట వచ్చింది గనుక. ఆఫీసర్ జీతం మొదలైనప్పుడు ప్లాట్లవాళ్లు నీ వాసన పట్టి వస్తారు. జీతం ఆరు నెలలే వస్తుంది, ఈఎంఐ పన్నెండు నెలలూ కట్టాలి, అది గుర్తుంచుకో. ఎన్ఆర్ఈ అకౌంట్ (ఎన్ఆర్ఐల బ్యాంకు ఖాతా) తెరువు, ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ ఉన్న రోజులు 182కు చేరకుండా సైన్ ఆన్, సైన్ ఆఫ్ తేదీలు లెక్కపెట్టుకో, చేరితే ఆ ఏడాది ట్యాక్స్ పడుతుంది.

మీ అమ్మ టెన్షన్ ఎర్రసముద్రం గురించి, టీవీలో చూసింది. 2023 చివర్నుంచి అక్కడ ఓడల మీద దాడులు జరిగిన మాట నిజమే, చాలా కంపెనీలు ఆఫ్రికా చుట్టూ తిప్పి పంపినయ్. యూనియన్ అగ్రిమెంట్ ఉన్న ఓడ యుద్ధప్రాంతంగా ప్రకటించినచోటికి పోతుంటే రానని చెప్పే హక్కు నీకుంది, కంపెనీ ఖర్చుతోనే దింపుతారు. జాయిన్ అయ్యే ముందు కాంట్రాక్ట్‌లో ఆ అగ్రిమెంట్ ఉందో లేదో చూసి అమ్మకు చూపించు, ఆమెకు ఇంగ్లీషు రాకపోయినా నువ్వు చూశావని తెలిస్తే చాలు.

చిన్నోడి గురించి కూడా అడిగింది. ఇంటర్ ఎంపీసీలో 60 శాతం, ఇంగ్లీషులో 50 రానివ్వు, ఐఎంయూ సెట్ (ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ఎంట్రన్స్) రాయొచ్చు. డబ్బు కట్టే ముందు కళ్లు చూపించండి, డెక్ (ఓడ నడిపే) కోర్సుకు కళ్లద్దాలు కుదరవు, ఎరుపు–ఆకుపచ్చ తేడా తెలియకపోతే అసలే కుదరదు. ఇంజిన్ కోర్సుకు అద్దాల పవర్ కొంత వరకు ఒప్పుకుంటారు. విశాఖ క్యాంపస్ దగ్గరని అందరూ అదే పెట్టుకుంటారు, అక్కడ బీటెక్‌లో చెప్పేది ఓడల డిజైన్, ఓడెక్కే మెరైన్ ఇంజినీరింగ్ కావాలంటే కోల్‌కతా, చెన్నై, ముంబై చూడాలి. మీ పక్కింటి మెకానికల్ బీటెక్ పిల్లగాడికి జీఎంఈ (ఓడ ఇంజినీర్ కోర్సు), ట్రిపుల్ ఈ అయితే ఈటీఓ (ఓడ ఎలక్ట్రికల్ ఆఫీసర్) కోర్సు అని చెప్పు, మిగతాది వాడినే నాకు ఫోన్ చేయమను.

ఆదివారం పొద్దున మిర్యాలగూడ రా. సీడీసీ, టార్ బుక్, సర్వీస్ లెటర్ ఒరిజినల్స్ పట్టుకురా, రూల్ 19 చదువుకొని రా. కంపెనీకి పెట్టాల్సిన మెయిల్ ఇక్కడే కూర్చొని రాద్దాం. మీ నాన్నను కూడా తీసుకురా, జేసీబీకి అడ్వాన్స్ ఇచ్చేలోపు నేను ఆయనతో మాట్లాడాలి.

మీ మామ