‘లెట్ ద చిప్స్ ఫాల్ వేర్ దే మే’ అంటే ఏమిటి? ఎప్పుడు వాడాలి?

ఈ చిప్స్ పేకాట బిళ్లలూ కావు, ఆలూ చిప్సూ కావు. గొడ్డలి దెబ్బకి ఎగిరే చెక్క పేళ్లు. దుంగను చదును చేసేటప్పుడు దాని మీద దారంతో గీత కొట్టి, ఆ గీత వెంబడే చెక్కుకుంటూ పోతారు. చూపు గీత మీద ఉండాలి, పేళ్లు ఎటు పడితే ఏం?

అమెరికన్ల మాట ఇది. 1880లో షికాగోలో జరిగిన రిపబ్లికన్ పార్టీ మహాసభలో రోస్కో కాంక్లింగ్ అనే సెనేటర్, మాజీ అధ్యక్షుడు గ్రాంట్‌ను మూడో దఫాకు ప్రతిపాదిస్తూ, ఆయన న్యాయమనే గీత తప్పడు, పేళ్లు ఎక్కడ పడితే అక్కడ పడనీ అన్నాడు. (పేళ్లు గ్రాంట్ వైపు పడలేదు లెండి. 36వ విడత ఓటింగులో గార్ఫీల్డ్ పార్టీ అభ్యర్థిగా గెలిచాడు.)

కాబట్టి ఇది ‘అంతా మన ఖర్మ’ అని చేతులు ముడుచుకునే మాట కాదు. చేయాల్సింది చేసేసి, ఏదైతే అదవుతుందని నిలబడటం. అయిపోయినదాని గురించైతే ‘ఇట్ ఈజ్ వాట్ ఇట్ ఈజ్’ అంటారు. ఇది ఇంకా జరగనిదాని గురించి.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఓసారి రిలీజ్ ముందు బిల్లింగులో బగ్ దొరికింది. కొన్ని ఆర్డర్లకి డబ్బు రెండుసార్లు కట్ అవుతోంది. ఆ కోడ్ రాసినవాడు నా స్నేహితుడే. ‘సివియారిటీ (బగ్ తీవ్రత) తగ్గించి రాయరా, వచ్చే రిలీజ్‌లో చూసుకుందాం’ అన్నాడు. రిలీజ్ డేట్ వెనక్కి జరిగితే క్లయింటు దగ్గర మేనేజరు మాట పోతుంది. మొహమాటం సంగతి మనకి తెలిసిందేగా! కాల్‌లో అమెరికాలోని మా లీడ్‌కి చెబితే, ఆవిడ అడిగింది ఒక్కటే: బగ్ నిజంగా ఉందా? ఉందన్నాను. ‘అయితే ఉన్నదున్నట్టు రాసెయ్, లెట్ ద చిప్స్ ఫాల్ వేర్ దే మే’ అంది. రాశాను. రిలీజ్ ఆగింది. మా వాడు కొన్నాళ్లు నన్ను టీకి పిలవలేదు.

ఆడిట్, విచారణ, ఎవరికో నచ్చని రిపోర్టు... ఇలాంటి చోట్ల ఈ మాట బాగా అతుకుతుంది. నా లెక్కలో షరతు ఒకటే: ఆ మాట అన్నవాడి మీద కూడా పేళ్లు పడే వీలుండాలి. తన కుర్చీకి ఏ ఢోకా లేని బాస్, ఉద్యోగం పోయేవాళ్ల ముందు ఈ మాటంటే ‘మీరేమైపోతే నాకేం’ అన్నట్టే వినిపిస్తుంది.