వాట్సాప్‌లో ‘వేసుకోరి’ అంటే పాట రాసిచ్చినట్టేనా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లెటూరు. సొంతంగా పాటలు రాసి, బాణీ కట్టి పాడతాను. ఇంట్లో ఒక గది గోడలకు దుప్పట్లు కట్టి, ఒక మైకు, ల్యాప్‌టాప్‌తో ఏడు పాటలు రికార్డు చేశాను. డోలక్ ఒక మిత్రుడు వాయించాడు. తర్వాత ల్యాప్‌టాప్‌లో చోటు చాలక ప్రాజెక్టు ఫైళ్లు (పాట రికార్డింగు విడివిడి భాగాలుండే అసలు ఫైళ్లు) తుడిచేశాను. మొదటి పాటను నల్లగొండలో యూట్యూబ్ ఛానెల్ నడిపే ఒకాయనకు ఇచ్చాను. మిక్సింగ్, వీడియో ఆయనే చేయించుకొని, ‘సాంగ్ అమౌంట్’ అని రాసి ఫోన్‌పేలో పదిహేను వేలు పంపాడు. కాగితం మీద ఏమీ రాసుకోలేదు. ‘ఛానెల్ల వేసుకోరి అన్నా’ అని నేను వాట్సాప్‌లో పెట్టాను, అంతే. తర్వాత నాకు చెప్పకుండా కాలర్ ట్యూన్‌కు, పాటల యాప్‌లకు కూడా ఇచ్చాడు. అది జరిగి రెండేళ్లు దాటింది. వచ్చే నెల ఏడు పాటలూ నా పేరుతో మొదటి ఆల్బంగా తెద్దామంటే, ఆ పాట తనదేనని కాపీరైట్ క్లెయిమ్ పెట్టించి ఆపించాడు. దాని పల్లవి మా నాయనమ్మ నాట్లు వేస్తూ పాడింది. ఆమె చనిపోయిన ఏడాదే ఆ పాట కట్టాను. పాత తేదీతో బాండు పేపరు రాయించుకుంటే సరిపోతుందని మరో మిత్రుడు అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో మీ నాయనమ్మ గురించీ, ఆ ఛానెల్ యజమాని చేసిన నమ్మకద్రోహం గురించీ ఉంది. కోర్టుకు అందులో పనికొచ్చే వాక్యం ఒక్కటే: ‘కాగితం మీద ఏమీ రాసుకోలేదు.’ మీరు దాన్ని మీ బలహీనతగా రాశారు కానీ, ఈ వివాదంలో మీకున్న అసలు బలం అదే. కాపీరైట్ చట్టం, 1957లోని 19వ సెక్షన్ ప్రకారం హక్కును బదిలీ చేయాలంటే అది రాతపూర్వకంగా ఉండాలి, హక్కుదారు సంతకం ఉండాలి, ఏ పాట, ఏయే హక్కులు, ఎంత కాలానికి, ఏ ప్రాంతానికి అన్నవి అందులో కనిపించాలి. మీ సంతకంతో ఆయన చేతిలో అలాంటి పత్రం లేనప్పుడు, పదిహేను వేలు కాదు గదా లక్షన్నర పంపి ఉన్నా, ఫోన్‌పేలో రాసిన రెండు మాటలతో సాహిత్యం, బాణీల మీది హక్కు ఆయనకు పోదు.

అయితే మీ వాట్సాప్ సందేశాన్ని తేలిగ్గా తీసుకోకండి. అది బదిలీ కాకపోయినా, ఛానెల్‌లో వేసుకోవడానికి మీరిచ్చిన అనుమతి అని ఆయన వకీలు తప్పక వాదిస్తారు, ఆ వాదనకు బలముంది కూడా. కాబట్టి ఛానెల్‌లో పెట్టడమే దొంగతనమని మీరు దావాలో రాస్తే మొదటి వాయిదాలోనే మీ మాట తేలిపోతుంది. మీ పోరాటం అనుమతి దాటిన చోట మొదలవ్వాలి: కాలర్ ట్యూన్, పాటల యాప్‌లు, ఇప్పుడు మీ ఆల్బం మీద పెట్టిన క్లెయిమ్. అలాగే ఆయన ఖర్చు పెట్టి తీయించిన వీడియో ఆయనదే, దాన్ని అడగకండి. వీడియో మీద హక్కు ఉన్నంత మాత్రాన అందులోని సాహిత్యం, బాణీ ఆయనవి కావు.

సౌండ్ రికార్డింగ్ సంగతి కొంచెం చిక్కుగా ఉంటుంది. రికార్డింగ్ తయారీకి చొరవ తీసుకొని బాధ్యత వహించిన వారినే చట్టం నిర్మాతగా చూస్తుంది. గొంతు మీ గదిలో, మీ మైకుతో రికార్డయింది కాబట్టి ఆ భాగానికి నిర్మాత మీరే. మిక్సింగ్ తనదంటూ తయారైన రూపం మీద ఆయన పేచీ పెట్టవచ్చు. ఆ పేచీలో ఏళ్లు గడిపేకన్నా, మాటా బాణీ మీవే కనుక ఆల్బం కోసం ఆ పాటను ఇంట్లో మొదటినుంచీ మళ్లీ రికార్డు చేసుకోవడం మేలు. పల్లవి విషయంలోనూ జాగ్రత్త అవసరం. నాట్ల పాట ఊరందరిదీ. దాని మీద మీకూ హక్కు లేదు, ఆయనకూ లేదు. మీ హక్కు మీరు రాసిన చరణాలకు, మీరు మార్చి కట్టిన బాణీకి, కూర్పుకు పరిమితం. పాట మొత్తం నాదేనని రాస్తే, నాట్లేసే నలుగురు ఆడవాళ్లను సాక్షులుగా తెచ్చి ఆయన మిమ్మల్ని అబద్ధాలకోరుగా నిలబెడతాడు.

ఇక మందలించక తప్పని విషయం. ల్యాప్‌టాప్‌లో చోటు చాలక ప్రాజెక్టు ఫైళ్లను తుడిచేశానని మీరే రాశారు. పాట మీరు ఎప్పుడు, ఎలా కట్టారో చూపించే అసలు సాక్ష్యం అదే. భూమి అమ్ముకున్నవాడు కూడా పాసుపుస్తకం చింపేయడు. మిగిలినదాన్నైనా కాపాడుకోండి. బాణీని మొదట ఫోన్‌లో పాడి దాచుకున్న వాయిస్ రికార్డింగ్‌లు, కొట్టివేతలతో ఉన్న నోటు పుస్తకం, మైకు కొన్న బిల్లు, డోలక్ వాయించిన మిత్రుడికి పంపిన ఫైళ్లు, ఛానెల్ యజమానితో జరిగిన మొత్తం సంభాషణ, అన్నీ ఒకచోట చేర్చండి. స్క్రీన్‌షాట్లు తీసుకున్నాం కదా అని అసలు ఫోన్‌ను ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకండి. భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతపరచాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అంకెలు, అక్షరాల గుర్తు) నమోదు చేయాలి. ఫోన్ మీ దగ్గర లేకపోతే ఆ సర్టిఫికెట్ ఇవ్వడమే కష్టమవుతుంది.

మీ మిత్రుడి సలహా మాత్రం మిమ్మల్ని వాది స్థానం నుంచి నిందితుడి స్థానానికి తీసుకెళ్తుంది. బాండు పేపరు వెనుక వరుస సంఖ్య, కొన్నవారి పేరు, అమ్మిన తేదీ ఉంటాయి, అవే వివరాలు దాన్ని అమ్మిన స్టాంపు వెండర్ రిజిస్టర్‌లోనూ ఉంటాయి. ఇతరులను మోసగించే ఉద్దేశంతో పాత తేదీ వేసి పత్రం సృష్టిస్తే, దాని మీద మీ సొంత సంతకమే ఉన్నా అది ఫోర్జరీ కిందికి రావచ్చు. పైగా పత్రం లేకపోవడమే మీ బలమని ఇంతకుముందే చెప్పాను. దొంగ పత్రంతో ఆ బలాన్ని మీరే పోగొట్టుకుంటారా? ఆ ఆలోచన ఈ రోజే మానుకోండి, దాని గురించి ఎవరికీ వాట్సాప్‌లో రాయకండి.

కాలపరిమితి గురించి మీరు ఒక్క మాటా అడగలేదు కానీ నన్ను కంగారు పెడుతున్నది అదే. కాపీరైట్ ఉల్లంఘనకు నష్టపరిహారం కోరడానికి కాలపరిమితి చట్టం, 1963లోని 88వ ఆర్టికల్ మూడేళ్ల గడువే ఇస్తుంది, అది ఉల్లంఘన జరిగిన తేదీ నుంచి మొదలవుతుంది. మీకు రెండేళ్లు ఇప్పటికే గడిచాయి. పాట ఇంకా యాప్‌లలో ఉంది కాబట్టి ఉల్లంఘన కొనసాగుతున్నదని వాదించవచ్చు గానీ, మొదట్లో వచ్చిన డబ్బు లెక్క మాత్రం నెలనెలా చేజారుతుంది. లీగల్ నోటీసు పంపితే గడువు ఆగుతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు.

చేయవలసిన పని ఇది. ముందుగా వకీలు ద్వారా నోటీసు ఇచ్చి, ఛానెల్‌కు ఇచ్చిన అనుమతి కాలర్ ట్యూన్‌కు, యాప్‌లకు వర్తించదని స్పష్టం చేసి, వచ్చిన ఆదాయం లెక్క అడగండి. కాపీరైట్ ఆఫీసులో సాహిత్యానికి, సంగీతానికి వేర్వేరుగా దరఖాస్తు చేయండి. ఒక్కోదానికి ఫీజు 500 రూపాయలు. రిజిస్ట్రేషన్ లేకపోయినా హక్కు ఉంటుంది, ఉంటే అది కోర్టులో ప్రాథమిక సాక్ష్యంగా నిలుస్తుంది. యాప్‌లకు రాతపూర్వక ఫిర్యాదు ఇస్తే 36 గంటల్లో పాటను నిలిపివేయాలని నిబంధన ఉంది, కానీ 21 రోజుల్లో మీరు కోర్టు ఉత్తర్వు తేకపోతే వారు తిరిగి పెట్టుకోవచ్చు. అందుకే దావా కాగితాలు సిద్ధమయ్యాకే ఆ ఫిర్యాదు పంపండి. కాపీరైట్ చట్టంలోని 62వ సెక్షన్ మీరు నివసించే చోటి నుంచే దావా వేసే వెసులుబాటు ఇస్తుంది. వివాదం విలువ మూడు లక్షలు, ఆపైన ఉంటే దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. అయితే విడుదల ముంచుకొస్తున్నది కనుక తాత్కాలిక ఉత్తర్వు అత్యవసరమని చూపించగలిగితే దాని కోసం ఆగనక్కరలేదు.

మిగిలిన ఆరు పాటల మీద ఆయనకు ఏ క్లెయిమూ లేదు కాబట్టి వాటిని అనుకున్న తేదీకే విడుదల చేయండి. దానికి ముందు డోలక్ వాయించిన మిత్రుడి దగ్గర, ఇకమీదట మిక్సింగ్ చేసేవారి దగ్గర, ఎంత ఇచ్చారు, ఏ పాటకు, ఏ హక్కు ఎవరిది అన్నది ఈనాటి తేదీతో రాయించి సంతకం తీసుకోండి.