ఇసుక పోసి వంచొద్దు

ప్రశ్న: మా బావ అమెరికాలో ఇంటి గరాజ్‌లోనే చిన్న విమానం కట్టుకుంటున్నాడు. ఇంజిన్ మాజ్డా ఆర్‌ఎక్స్-8 కారుది, రోటరీ (పిస్టన్ల బదులు మూడు మూలల రోటర్లు తిరిగే రకం). దానికి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌ని (ఇంజిన్‌లోకి గాలి తీసుకెళ్లే పైపుల గుత్తిని) విజయవాడ ఆటోనగర్‌లో అల్యూమినియంతో చేయించి పంపమన్నాడు. కారుతో వచ్చింది పనికిరాదా? నేను ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: కారు మానిఫోల్డ్‌లో 9,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాకా అన్ని వేగాలకూ సరిపడేలా తెరుచుకుని మూసుకునే కవాటాలుంటాయి. విమానంలో ఆ గొడవ లేదు. మధ్యలో గేర్‌బాక్స్ పెట్టి, ఇంజిన్‌ని గంటల తరబడి ఇంచుమించు ఒకే వేగంలో, 6,000 చుట్టుపక్కల నడుపుతారు. ఆ వేగానికి సరిపోయే పొడవున్న పైపులు చాలు.

పొడవు ఎందుకంటారా? 6,000 దగ్గర షాఫ్ట్ ఒక చుట్టు తిరగడానికి 10 మిల్లీసెకన్లు. ఆ లోపు గాలిలో ఒత్తిడి అల మూడున్నర మీటర్లు పోతుంది. రెండు రోటర్లూ అర చుట్టు తేడాతో గాలి పీలుస్తాయి. ఒకదాని దగ్గర పుట్టిన అల రెండోదాని దారి మూసుకోబోయే ముందు అక్కడికి చేరితే ఇంకాస్త గాలిని లోపలికి తోస్తుంది. మాజ్డా వాళ్లు 1980ల్లోనే వాడుకున్న కిటుకు ఇది. ఆ లెక్క మీ బావగారు చూసుకుంటారు. ఆయనిచ్చిన పొడవులో పావంగుళం అటూ ఇటూ అయినా కొంప మునగదు.

ఫ్లాంజి, అంటే పైపుల్ని ఇంజిన్‌కి బిగించే ప్లేటు, అలా కాదు. ప్రింటు తీసిన బొమ్మ పెట్టి రంధ్రాలు కొట్టించొద్దు, ప్రింటర్ కాగితానికి సరిపెట్టడానికి కుదించేస్తుంది. కొత్త గ్యాస్కెట్ (ఇంజిన్‌కీ ఫ్లాంజికీ మధ్య లీకవకుండా పెట్టే పల్చటి రేకు) తెప్పించుకుని దాన్నే అచ్చుగా పెట్టండి. 12 మి.మీ. ప్లేటు అయినా టిగ్ వెల్డింగ్ వేడికి అరటాకులా వంగుతుంది. దళసరి ఇనుప ప్లేటుకి బోల్టులతో బిగించి వెల్డింగ్ చేయించండి, పూర్తిగా చల్లారాకే విప్పమనండి. తర్వాత మిల్లింగ్ మీద ముఖం చదును చేయించండి. స్టీలు స్కేలు నిలబెట్టి వెనక టార్చి వేసినప్పుడు వెలుతురు కనిపించిందంటే అక్కడ గాలి లీకవుతుంది, ఆ రోటర్‌కి పెట్రోలు పాళ్లు తప్పుతాయి.

ఇక అసలు భయం. మన దగ్గర పైపులో ఇసుక దట్టించి వంచడం అలవాటు. కుర్రతనంలో నేనూ ఒక జనరేటర్ ఇంజిన్ పైపు అలాగే వంచి, తట్టి దులిపాననుకున్నాను. వారం తిరక్కుండానే సిలిండర్ నిండా గీతలు. నా నెల జీతం గోవిందా! రోటరీలో ఇంజిన్ నోటి దగ్గర అడ్డుకోవడానికి వాల్వు కూడా లేదు, పక్క గోడలో బొక్కలే. లోపలికి పోయింది నేరుగా రోటర్ మూలల్లో గాలి లీకవకుండా ఆపే 2 మి.మీ. మందం సీళ్ల కింద పడుతుంది. అందుకని రెడీమేడ్ బెండ్లు కొని కోసి అతికించమనండి. వెల్డింగ్ అయ్యాక లోపల వేలు పెట్టి తడమండి, గుండుసూది తలంత పూస తగిలినా గీకించాల్సిందే. కిరసనాయిలుతో కడిగి, నోళ్లు మూసి గాలి పట్టి నీళ్ల డ్రమ్ములో ముంచి చూడండి. ఆరాక నోళ్లన్నిటికీ టేపు అంటించి పార్సిల్ కట్టండి. థర్మోకోల్ పూసలు మాత్రం వేయొద్దు.