వెరిఫికేషన్ టీములో చేరబోతున్న మా హారికకు

కావలి

చిరంజీవి హారికను ఆశీర్వదించి పెదనాన్న వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. నీకు హైదరాబాదులో చిప్ డిజైన్ కంపెనీలో ఉద్యోగం ఖాయమైందని, వెరిఫికేషన్ టీములో వేశారని మీ నాన్న చెప్పాడు. ఆ టీము పేరు విని నువ్వు కొంచెం చిన్నబుచ్చుకున్నావని, డిజైన్ చేయవలసిన దానివి ఎవరో చేసినదాన్ని సరిచూసే పనిలో పడ్డానని దిగులు పడుతున్నావని కూడా చెప్పాడు. బెంగళూరులోనూ, హైదరాబాదులోనూ ఈ పనిలోనే తల నెరిసినవాణ్ణి కనుక, ఆ ఉద్యోగం లోపల ఎలా ఉంటుందో, దానిలో నువ్వు ఎలా నిలదొక్కుకోవాలో నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను. తీరికగా చదువుకో.

మన బంధువుల్లో కొందరు "అమ్మాయి చిప్‌లు తయారు చేస్తుందట" అంటారు, మరికొందరు "అదీ సాఫ్ట్‌వేరేగా" అంటారు. ఇసుక నుంచే చిప్‌లు వస్తాయి కదా, మన చిల్లకూరు, కోట మండలాల్లో అంత సిలికా ఇసుక ఉండగా ఫ్యాక్టరీ ఇక్కడే పెట్టవచ్చు కదా అని మొన్న ఒక పెళ్లిలో ఒకాయన నన్ను నిలదీశాడు. ఆ ఇసుక గాజు ఫ్యాక్టరీలకు వెళ్తుందని, చిప్‌కు కావలసిన సిలికాన్‌ను క్వార్ట్‌జ్ రాయి నుంచి విద్యుత్ కొలిమిలో తీసి, వాయువుగా మార్చి, మళ్లీ ఘనంగా చేసి, 99.9999999 శాతం స్వచ్ఛతకు తెస్తారని చెప్పేసరికి ఆయన భోజనాల పంక్తి వైపు చూడటం మొదలుపెట్టాడు. నీకూ ఇలాంటి సంభాషణలు తప్పవు. ఓపికగా చెప్పు, వినకపోతే వదిలెయ్యి.

1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరులో కేంద్రం తెరిచిన నాటి నుంచి మన దేశంలో ఈ రంగపు ఉద్యోగాలలో ఎక్కువ భాగం డిజైన్‌కు సంబంధించినవే. తయారీ విషయానికి వస్తే మొహాలీలో ప్రభుత్వ సెమీకండక్టర్ లేబొరేటరీ ఉంది. 2021 డిసెంబరులో కేంద్రం 76,000 కోట్ల రూపాయల పథకాన్ని ప్రకటించిన తరువాత గుజరాత్‌లోని ధొలేరా, సనంద్‌లలోనూ, అస్సాంలోనూ పనులు మొదలయ్యాయి. అటువైపు వెళ్లేవారి జీవితం వేరు. ఒళ్లంతా కప్పే తెల్లని సూటు వేసుకుని, చిప్ నమూనాను కాంతితో అచ్చువేసే లిథోగ్రఫీ గదిలో పసుపు దీపాల వెలుతురులో, షిఫ్టుల ప్రకారం పని చేస్తారు. నీలి కాంతి తగిలితే ఫోటోరెసిస్ట్ అనే, కాంతికి స్పందించే పూత చెడుతుంది కనుక అక్కడ తెల్ల దీపాలు ఉండవు. నీ పని మాత్రం కంప్యూటర్ ముందే. నువ్వు పరీక్షించిన చిప్‌ను చేత్తో పట్టుకుని చూసే రోజు ఏ ఏడాదికో ఒకసారి వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొర్లితే మరునాడు అప్‌డేట్ పంపి సరిచేసుకోవచ్చు. చిప్ డిజైన్‌ను టేపౌట్ చేసి, అంటే తుది రూపమిచ్చి, తైవాన్‌లోనో మరొక చోటో ఉన్న ఫౌండ్రీకి, అంటే చిప్ తయారుచేసే ఫ్యాక్టరీకి, పంపిన తరువాత ఆ వెసులుబాటు ఉండదు. శ్లాబు పోసేశాక కరెంటు పైపు వేయడం మరిచిపోయామని తెలిస్తే మేస్త్రీ మొహం ఎలా ఉంటుందో ఊహించుకో. కొన్ని పొరపాట్లను పై మెటల్ పొరల మాస్కులు, అంటే ఒక్కో పొర నమూనాను అచ్చువేసే ఫలకాలు, మాత్రమే మార్చి సర్దుకోవచ్చు గాని, లోపలి పొరల దాకా వెళ్లిన తప్పుకు మాస్కులన్నీ మళ్లీ చేయించాలి. ఆధునిక టెక్నాలజీలలో ఒక మాస్కుల సెట్టుకే కోట్ల రూపాయలు ఖర్చవుతుంది, పైగా సిలికాన్ తిరిగి చేతికి రావడానికి నెలలు పడుతుంది, ఈలోగా పోటీ కంపెనీ తన చిప్‌ను మార్కెట్లో పెట్టేస్తుంది. 1994లో ఇంటెల్ పెంటియం ప్రాసెసర్ కొన్ని భాగహారాలను తప్పు చేస్తోందని ఒక లెక్కల ప్రొఫెసర్ బయటపెట్టాడు. భాగహారానికి వాడే పట్టికలో కొన్ని గడులు ఖాళీగా మిగిలిపోవడమే దానికి కారణం. ఆ చిప్‌లను మార్చి ఇవ్వడానికి కంపెనీ 47.5 కోట్ల డాలర్ల నష్టాన్ని లెక్కల్లో చూపవలసి వచ్చింది. ఆ తప్పు టేపౌట్‌కు ముందు దొరికి ఉంటే దాన్ని సరిచేయడానికి ఒక పూట పట్టేదేమో. పెద్ద చిప్‌లకు డిజైన్ రాసేవారికంటే దాన్ని పరీక్షించేవారే ఎక్కువమంది ఎందుకు ఉంటారో దీన్నిబట్టి నీకే అర్థమవుతుంది. నిన్ను తక్కువ పనిలో వేయలేదు, కంపెనీ డబ్బు ఎక్కడ మునిగే ప్రమాదం ఉందో అక్కడ కాపలా పెట్టారు.

నీ రోజు ఎలా మొదలవుతుందో చెబుతాను. రాత్రంతా సర్వర్ల మీద వేల టెస్టులు నడుస్తాయి. దాన్నే రిగ్రెషన్ అంటారు. పొద్దున వచ్చేసరికి పాసైనవెన్ని, ఫెయిలైనవెన్ని అనే జాబితా మెయిల్‌లో ఉంటుంది. ప్రతి టెస్టూ ఒక సీడ్ నంబరుతో, అంటే ఏ డేటా పుట్టాలో నిర్ణయించే అంకెతో, యాదృచ్ఛికంగా డేటాను పుట్టిస్తుంది. ఒక్క టెస్టు ఫెయిలైంది అనుకో, లాగ్ తెరిస్తే ఫలానా నానోసెకను దగ్గర రావలసిన విలువ ఇది, వచ్చిన విలువ అది అని రెండు వరుసలు మాత్రమే కనబడతాయి. తప్పు బయటపడిన చోటే తప్పు పుట్టిందని అనుకోకు. అక్కడి నుంచి వేవ్‌ఫామ్‌లో, అంటే సిగ్నళ్ల మార్పులను కాలక్రమంలో చూపే గీతల్లో, వెనక్కి, క్లాక్ తరువాత క్లాక్, అంటే చిప్ నడిచే తాళంలో ఒక్కో దెబ్బ, చూసుకుంటూ నడవాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. పదహారు గదుల ఫీఫో, అంటే ముందు వచ్చిన డేటాను ముందు బయటికి పంపే క్యూ, ఒకటి ఉంది. రాసే పాయింటర్, చదివే పాయింటర్ రెండూ ఒకే గదిని చూపుతున్నాయంటే ఫీఫో ఖాళీగా ఉన్నా ఉండవచ్చు, నిండిపోయి అయినా ఉండవచ్చు. ఆ తేడా తెలియడానికి పాయింటర్‌లో ఒక బిట్ అదనంగా పెడతారు. ఇది కాలేజీలో చదివే ఉంటావు. ఇప్పుడు ఫీఫో నిండి ఉన్న క్లాక్‌లోనే అవతలివారు ఒక మాట (అంటే ఒక డేటా ముక్క) చదువుకుని, ఇవతలివారు ఒక మాట రాశారు. ఖాళీ ఏర్పడుతోంది కనుక రాసినదాన్ని తీసుకోవాలని స్పెసిఫికేషన్, అంటే చిప్ ఎలా నడవాలో చెప్పే పత్రం, అంటుంది, నిండిందని చెప్పే ఫుల్ సిగ్నల్ మాత్రం ఒక క్లాక్ ఆలస్యంగా దిగుతుంది, ఆ ఒక్క మాట ఎవరికీ తెలియకుండా పోతుంది. అది పోయిన సంగతి ఎన్నో వేల క్లాకుల తరువాత, ప్యాకెట్ చివర డేటా సరిగా వచ్చిందో లేదో చూసే చెక్‌సమ్ కలవనప్పుడు గాని బయటపడదు. ఇలాంటి సందర్భం వేల టెస్టుల్లో ఏ ఒక్కసారో తటస్థపడుతుంది. మరునాడు సీడ్ మారుతుంది, అదే టెస్టు హాయిగా పాసవుతుంది, కొత్తగా చేరిన వాళ్లు "నిన్నటిది సర్వర్ సమస్య అయి ఉంటుంది" అనుకుని జాబితాలో నుంచి కొట్టేస్తారు. ఆ పని ఎప్పుడూ చేయవద్దు. ముందు అదే సీడ్‌తో, అదే కోడ్ వెర్షన్‌తో మళ్లీ నడిపి తప్పును పట్టి నిలబెట్టు. కారణం తెలియకుండా పాసైన టెస్టు ఫెయిలైన టెస్టు కంటే ప్రమాదకరం.

వేవ్‌ఫామ్ చూస్తున్నప్పుడు మూడు అనుమానాలను పక్కపక్కనే పెట్టుకో. తప్పు డిజైన్‌లో ఉండవచ్చు, డిజైన్‌ను పరీక్షించడానికి నువ్వు రాసిన టెస్ట్‌బెంచ్‌లోనే ఉండవచ్చు, లేదా స్పెసిఫికేషన్‌లోని వాక్యాన్ని డిజైనర్ ఒక రకంగానూ నువ్వు మరొక రకంగానూ అర్థం చేసుకుని ఉండవచ్చు. మొదటి ఏడాదిలో నీ వేలు చాలాసార్లు నీ టెస్ట్‌బెంచ్ వైపే తిరుగుతుంది. అందులో నామోషీ ఏమీ లేదు. మూడో రకం దొరికిన రోజు మాత్రం వెంటనే చిప్ మొత్తం రూపకల్పన చూసే ఆర్కిటెక్టును కూడా కూర్చోబెట్టి స్పెసిఫికేషన్‌లో ఆ వాక్యాన్ని మార్పించు, ఎందుకంటే ఇద్దరు తెలివైనవాళ్లు తడబడిన చోట మూడోవాడు, అంటే రేపు ఆ చిప్‌కు సాఫ్ట్‌వేర్ రాసేవాడు, తప్పకుండా తడబడతాడు.

బగ్ రిపోర్టు రాసేటప్పుడు సీడ్, కోడ్ వెర్షన్, తప్పు మొదలైన సమయం, స్పెసిఫికేషన్‌లో ఏ సెక్షన్‌కు అది విరుద్ధమో తప్పక రాయి. డిజైనర్ పేరు పట్టుకుని "నీ కోడ్ తప్పు" అనే ధోరణి రానీయకు. వాళ్లు ముందు ఒప్పుకోరు, అది సహజం. వేవ్‌ఫామ్ చూపించు, అది మాట్లాడుతుంది.

పక్క టీముల పని కూడా కొంత తెలిసి ఉండాలి. సర్క్యూట్‌ను చిప్ మీద ఎక్కడెక్కడ పేర్చాలో చూసే ఫిజికల్ డిజైన్ వాళ్లు పికోసెకన్ల కోసం, అంటే సెకనులో లక్ష కోట్లవ వంతుల కోసం, కొట్టుకుంటారు. ఒక పికోసెకనులో కాంతి శూన్యంలో ప్రయాణించే దూరం 0.3 మిల్లీమీటర్లే అంటే వాళ్ల బాధ అర్థమవుతుంది. సెటప్ టైమింగ్ తప్పితే, అంటే డేటా క్లాక్‌కు తగినంత ముందుగా రాకపోతే, క్లాక్ వేగం తగ్గించి చిప్‌ను ఎలాగోలా నడుపుకోవచ్చు, హోల్డ్ తప్పితే, అంటే క్లాక్ తరువాత డేటా తగినంత సేపు నిలవకపోతే, ఎంత నెమ్మదిగా నడిపినా పనిచేయదు. ఇంటర్వ్యూలో అందరూ ఈ నిర్వచనాలు అప్పజెబుతారు గాని, టేపౌట్‌కు వారం ముందు ఒక హోల్డ్ ఉల్లంఘన బయటపడితే ఆ టీము ఎందుకు ఇంటికి వెళ్లదో అప్పుడు గాని తెలియదు.

ఇక మనుషుల సంగతి. మన వైపు పిల్లలు తెలివైనవాళ్లే, కాని పెద్దవాళ్లను ప్రశ్న అడగడానికి సంకోచిస్తారు. అక్కడ ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాణ్ణి కూడా పేరు పెట్టి పిలవాలి. సార్, మేడమ్ అంటే నవ్వుతారు. మొదట్లో నీకు నోరు రాదు, అలవాటు చేసుకో. ఏదైనా అర్థం కాకపోతే ముందు గంటో రెండు గంటలో నువ్వే ప్రయత్నించు, ఏమేం చూశావో కాగితం మీద రాసుకో, ఆ కాగితంతో వెళ్లి అడుగు. ఏమీ చూడకుండా అడిగేవారిని విసుక్కుంటారు, మూడు రోజులు అడగకుండా కూర్చున్నవారిని మాత్రం అస్సలు క్షమించరు. ఇంగ్లీషు గురించి బెంగపెట్టుకోకు. చిన్న వాక్యాల్లో, తారీకులతో, అంకెలతో రాసే మెయిల్‌కు అక్కడ విలువ ఎక్కువ.

అమెరికా టీములతో కాల్స్ రాత్రిపూట ఉంటాయి. టేపౌట్ దగ్గరపడిన నెలల్లో శని, ఆదివారాలు కూడా పోవచ్చు. రాత్రి ఆలస్యమైతే కంపెనీ క్యాబ్ అడిగి తీసుకో, మొహమాటపడి ఆటోలో వెళ్లకు. సంక్రాంతికి రావాలంటే టేపౌట్ తేదీ ఎప్పుడో ముందే కనుక్కుని, సెలవు సంగతి మేనేజరుకు ముందుగానే చెప్పి, రిజర్వేషన్ తెరిచిన రోజే సింహపురి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్టు తీసుకో. ఈ మూడింటిలో ఏది ఆలస్యమైనా పండుగ హాస్టల్‌లోనే.

గోప్యత విషయంలో మాత్రం ఏ మాత్రం సడలింపు ఉండదు. ఏ చిప్ చేస్తున్నారో, ఎవరి కోసం చేస్తున్నారో బయట చెప్పకు, స్నేహితురాలు పోటీ కంపెనీలో ఉన్నా సరే. స్క్రీన్‌కు ఫోటో తీయవద్దు. లాగ్ అర్థం కాలేదని కంపెనీ అనుమతించని ఏఐ చాట్‌లో కోడ్ అతికించవద్దు. ఉద్యోగం పోవడానికి ఆ ఒక్క పని చాలు.

డబ్బు గురించి ఎక్కువ రాయను. జీతం బాగానే ఉంటుంది, కొన్నిచోట్ల కంపెనీ షేర్లు కూడా ఏళ్ల మీద కొంచెం కొంచెంగా చేతికి వస్తాయి. ఈ పరిశ్రమకు మాత్రం ఆటుపోట్లు ఉన్నాయి. ఒక ఏడాది మనుషులు దొరకరు, మరొక ఏడాది ఉన్నవాళ్లనే పంపిస్తారు. కాబట్టి చేరిన ఏడాదే ఫ్లాటు కొనమని మీ నాన్న తొందరపెడితే నాతో మాట్లాడమని చెప్పు.

చేరడానికి ఇంకా సమయం ఉంది కదా. లినక్స్ కమాండ్లు, కొంచెం పైథాన్ చేతికి రానీ. డిజైన్‌ను కంప్యూటర్లో నడిపి చూసే ఇకారస్ వెరిలాగ్, వేవ్‌ఫామ్ చూపే జీటీకేవేవ్ ఉచితంగా దొరుకుతాయి. కంపెనీల్లో టెస్ట్‌బెంచ్‌లకు వాడే యూవీఎం లైబ్రరీ ఇకారస్‌లో నడవదు, మొదట అవసరమూ లేదు. పైన చెప్పిన ఫీఫోను నువ్వే రాసి, ఫుల్ సిగ్నల్‌లో కావాలనే ఆ తప్పు పెట్టి, దాన్ని పట్టుకునే టెస్ట్‌బెంచ్ కూడా రాయి. చిప్‌లోని భాగాలు డేటా ఇచ్చిపుచ్చుకునే పద్ధతిని చెప్పే, ఆర్మ్ కంపెనీ ప్రచురించే ఏఎక్స్ఐ ప్రోటోకాల్ స్పెసిఫికేషన్ ఉచితమే. దానిలో వాలిడ్, రెడీ సిగ్నళ్ల అధ్యాయం రెండుసార్లు చదువు. ఏ ఇన్‌స్టిట్యూట్‌కూ మళ్లీ ఫీజు కట్టవలసిన పని లేదు.

ఆఫర్ లెటర్‌తో పాటు ఏదైనా బాండు కాగితం ఇచ్చి ఉంటే సంతకం పెట్టకముందు దాన్ని ఫోటో తీసి నాకు పంపు. ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ట్రైనింగ్ ఖర్చు ఎలా లెక్కకట్టారు అన్న మూడు సంగతులూ చూసి ఆదివారం ఫోన్ చేస్తాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న